తొడ ఎముకలో గడ్డ, క్యాన్సర్ కాదన్నారా? ఆపరేషన్‌కు ముందు ఇవి చూసుకోండి

రిపోర్టులో క్యాన్సర్ కాదని రాగానే చాలామంది ఊపిరి పీల్చుకుని ఫైలు బీరువాలో పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. తొడ ఎముక ఒంటి బరువంతా మోసేది, అందులోనూ తుంటి దగ్గర, ఎముక మెడ అనే సన్నటి భాగంలో గుల్లబారితే పిల్లాడు బడి మెట్ల మీద కాలు జారినా చాలు, విరుగుతుంది. నూనె పెట్టి గట్టిగా మర్దన చేయించడం, నాటు కట్టు కట్టించడం అసలే వద్దు.

ముందు జబ్బు పేరు అడిగి రాసుకోండి, ఎందుకంటే ఆపరేషన్ దాన్ని బట్టే మారుతుంది. పిల్లల్లో ఎక్కువగా కనిపించేది నీరు నిండిన సింపుల్ బోన్ సిస్ట్. ఫైబ్రస్ డిస్‌ప్లేసియా అయితే గట్టి ఎముక ఉండాల్సిన చోట మెత్తటి నార కణజాలం పెరిగి, పోనుపోను తొడ పైభాగం వంగి కాలు పొట్టి అవుతుంది. 20 నుంచి 40 ఏళ్ల వాళ్లకు మోకాలి దగ్గర వచ్చే జెయింట్ సెల్ ట్యూమర్ మళ్లీ మళ్లీ వచ్చే రకం, అరుదుగా ఊపిరితిత్తులకూ పాకుతుంది, అందుకే ఛాతీ కూడా చూస్తారు. బయాప్సీ, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, కావాలంటే ఆపరేషన్ చేయబోయే డాక్టరుతో మాట్లాడాకే చేయించండి, సూది ఎక్కడ గుచ్చారన్నది కూడా తర్వాత కోతకు ముఖ్యం.

ఆపరేషన్‌లో సాధారణంగా ఎముకకు చిన్న కిటికీ కోసి లోపలిదంతా గీకి తీస్తారు. ఖాళీ అయిన చోటును మన తుంటి నుంచి తీసిన ఎముక ముక్కలతోనో, కృత్రిమ ఎముకతోనో, సిమెంట్‌తోనో నింపుతారు. ఇక్కడే గట్టిగా అడగాలి: ఫైబ్రస్ డిస్‌ప్లేసియాలో పెట్టిన ఎముక ముక్కలు చాలాసార్లు కరిగిపోయి మళ్లీ అదే నార కణజాలం వస్తుంది, కాబట్టి లోపల రాడ్డో ప్లేటో వేస్తున్నారా, వంపు కూడా సరిచేస్తారా అని. జెయింట్ సెల్ ట్యూమర్‌లోనైతే గీకాక అంచుల్ని మిషన్‌తో అరగదీస్తారా అని అడగండి, మిగిలిపోయిన కణాలే మళ్లీ పెరిగేది.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించినా, కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ నిమ్స్‌కు వెళ్లినా, ఫోన్‌లో తీసిన ఫొటోలు కాదు, అసలు ఎక్స్‌రే ఫిల్ములు, ఎమ్మారై సీడీ, పాతవాటితో సహా పట్టుకెళ్లండి. గడ్డ పెరుగుతోందా, అలాగే ఉందా అన్నది పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. ఆరోగ్యశ్రీ కింద మీ ఆపరేషన్ వస్తుందా, రాడ్డు ఖర్చు కూడా అందులోనేనా అని చేరకముందే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి.

ఇంటికొచ్చాక డాక్టరు చెప్పేదాకా ఆ కాలు మీద బరువు మోపొద్దు. గొంతుకూర్చోవడం కుదరదు, కమోడ్ కుర్చీ ముందే తెచ్చిపెట్టుకోండి. గాయం మానింది కదా అని చెకప్‌లు ఎగ్గొట్టకండి, జెయింట్ సెల్ ట్యూమర్ తిరిగొస్తే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే వస్తుంది. మధ్యలో గజ్జల్లోనో మోకాలి దగ్గరో కొత్తగా నొప్పి మొదలైతే తేదీ దాకా ఆగకుండా వెళ్లి ఎక్స్‌రే తీయించండి.