మొలకెత్తిన ఉల్లి కుళ్లకుండా ఇలా నాటాను

వానాకాలంలో బుట్టలో ఉల్లిపాయలు మొలకెత్తితే పారేయబుద్ధి కాక కుండీలో పాతాను. వారం తిరిగేసరికి కుళ్లి ఒకటే కంపు. తప్పు నాదే. పాయ మొత్తం మట్టిలో పూడ్చేసి, రోజూ చెంబుడు నీళ్లు పోశాను మరి!

రెండోసారి మెత్తబడిన పై పొరలు ఒలిచేశాను. మట్టిలో మూడో వంతు ఇసుక కలిపి, కుండీ అడుగున చిల్లు పూడుకుపోలేదని చూసుకుని, వేళ్ల వైపు కిందకు పెట్టి సగం పాయ బయటే ఉంచాను. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరితేనే నీళ్లు. కుండీని ఎండ తగిలే పిట్టగోడ మీదకు మార్చాను.

మూడు వారాల్లో ఒక్కో పాయకు రెండు మూడు పిలకలు వచ్చాయి. రెండంగుళాలు వదిలి కోస్తే కాడలు మళ్లీ వస్తున్నాయి. కొత్త గడ్డ ఊరుతుందని మా అత్తగారి ఆశ గానీ, ఇలాంటివి ఎక్కువగా పూతకే పోతాయి. ఉల్లికాడల పప్పుకైతే ఢోకా లేదు. ఒక మొక్కను మాత్రం విత్తనాలకని కోయకుండా వదిలేశాను.