పహాణీలో 'బావాజీ', మెమోలో 'బి. వజీర్': అరబ్బీ ఇంటిపేరు మూలం పట్టుకోవడం ఎలా

మా అబ్బా, ఇద్దరు చాచాలు ఒక్క తల్లి కడుపున పుట్టినవాళ్లే. కాగితాల మీద మాత్రం ముగ్గురివీ మూడు ఇంటిపేర్లు. అబ్బా పదో తరగతి మెమోలో 'బి. వజీర్'. పెద్ద చాచా రేషన్ కార్డులో 'చావూష్'. చిన్న చాచా పొలం పహాణీలో 'బావాజీ'. పాత నాగర్‌కర్నూల్ తాలూకాలోని మా ఊళ్లో ఎవరినడిగినా 'అరబ్బోళ్ల ఇల్లు' అనే చూపిస్తారు. అసలు ఇంటిపేరు బావజీర్. ఆ ఒక్క మాట తేల్చుకోవడానికి, ముప్పై ఏళ్లు తెలుగు పండిట్‌గా పిల్లలకు సంధులు విడగొట్టడం నేర్పిన నాకు, నాలుగేళ్లు పట్టింది. అంత ఆలస్యం ఎందుకైందంటే, వెతుకులాట అర్థంతో మొదలుపెట్టాను. మొదలుపెట్టాల్సింది అక్షరాలతో. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఇలాంటి పేర్లున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి, సరైన వరస ఏదో రాసిపెడుతున్నాను.

ముందు ఇల్లు వెతకండి. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ముందేసుకుని, పేరు ఎన్ని రకాలుగా పడిందో ఒక నోటుబుక్కులో రాయండి. పక్కన సంవత్సరం, రాసింది ఎవరు, ఏ భాషలో అన్నవి కూడా ఉండాలి. ఏ రూపాన్నీ తప్పని కొట్టేయొద్దు. ఒక్కో తప్పు వెనక ఒక్కో చెవి ఉంటుంది. మన బడుల్లో ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు రాయడం అలవాటు. 'బా వజీర్' అని విన్న సారు 'బా'ను పొడి అక్షరం చేసి, మిగిలిన 'వజీర్'నే పిల్లాడి పేరు అనుకున్నాడు. ఊరి లెక్కలు రాసినాయనకు బావాజీ అంటే తెలుసు, ఫకీరు, సాధువు. బావజీర్ తెలియదు. తెలిసిన మాటే రాశాడు. ఇక 'చావూష్' అరబ్బీ మాటే కాదు, తుర్కీ మాట. సైన్యంలో ఒక చిన్న హోదా. నిజాం రాజ్యంలో అరబ్బు సిపాయిలందరినీ ఆ మాటతోనే పిలవడం వల్ల అదే చాలా ఇళ్లకు ఇంటిపేరై కూర్చుంది. మీ ఇంటిపేరు 'చావూష్' అని ఉంటే దాని వెనక ఇంకో పేరు దాగి ఉందని అనుమానించండి.

ఇక్కడినుంచి అసలు పని. పేరును అది పుట్టిన లిపిలో పట్టుకోవాలి. తెలుగులోకి వచ్చేటప్పటికి అరబ్బీ అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అరబ్బీలో అక్షరాలు 28. అందులో జాల్, జే, జ్వాద్, జోయ్ నాలుగూ మన 'జ'లో పడిపోతాయి. సే, సీన్, స్వాద్ మూడూ 'స' అయిపోతాయి. రెండు రకాల 'హే'లు ఒకే 'హ' అవుతాయి. ఐన్ అసలు వినపడకుండానే పోతుంది. ఇది చిన్న సంగతి కాదు. నజీర్ అనే పేరు జాల్‌తో రాస్తే 'హెచ్చరించేవాడు', జోయ్‌తో రాస్తే 'సాటి, సమానుడు'. అలీమ్ ఐన్‌తో మొదలైతే 'బాగా తెలిసినవాడు', అలిఫ్‌తో మొదలైతే 'బాధ పెట్టేది'. హామిద్ బడీ హేతో 'స్తుతించేవాడు', ఛోటీ హేతో 'చలనం లేనిది'. తెలుగు అక్షరాలు చూసి అర్థం చెప్పేవాళ్లు ఎంత పెద్దవాళ్లైనా నమ్మొద్దు. ఫోన్లో పేర్ల అర్థాలు చెప్పే యాప్‌లకూ ఇదే వర్తిస్తుంది.

ఆ లిపి ఎక్కడ దొరుకుతుంది? నాకు తెలిసి నాలుగు చోట్ల.

మొదటిది నిఖా సియాహా. ఖాజీగారి దగ్గరుండే పెళ్లి రిజిస్టరు. అందరూ తాత పెళ్లి సియాహా కోసం వెతుకుతారు, నేనూ అదే చేశాను, అది చెదలు తిన్నది. పెళ్లికూతురి సియాహా వెతకాలని ఆలస్యంగా తట్టింది. అందులో అమ్మాయి పేరు పక్కన తండ్రి పేరు రాస్తారు, పిల్లనిచ్చేవాడి వంశం అడిగి మరీ రాసిన ఖాజీలు ఉండేవారు. మా ఫూఫీ (మేనత్త) సియాహాలో ఉర్దూలో బే, అలిఫ్, వావ్, జే, యే, రే అని నల్లని సిరాతో, చుక్కలతో సహా నిలువెత్తుగా కనపడింది. ఆ రోజు ఫూఫీ చేతులు పట్టుకుని ఏడ్చాను.

రెండోది ఖబరస్తాన్. పాత రాళ్ల మీద చెక్కిన పేరు మధ్యాహ్నం ఎండలో కనపడదు. పొద్దున్నే, లేదా అసర్ నమాజు అయ్యాక ఏటవాలు వెలుగులో చూడండి. మగ్గుతో కాసిని మంచినీళ్లు పోస్తే గాట్లు తేటపడతాయి, అప్పుడే ఫొటో తీయండి. సుద్ద రుద్దడం, ఆసిడ్ పోయడం, ఇనుప బ్రష్షుతో గీకడం చేయకండి. రాయి మళ్లీ రాదు. చుక్కల విషయంలో జాగ్రత్త: జే మీది ఒక్క చుక్క అరిగిపోతే అది రే అవుతుంది, వజీర్ కాస్తా 'వరీర్' అవుతుంది.

మూడోది ఇంట్లో గుడ్డ చుట్టి పైన పెట్టిన ఖురాన్. చాలా ఇళ్లలో అట్ట లోపలి కాగితం మీద పిల్లల పుట్టిన తారీఖులు రాసుకునేవారు. నాలుగోది భూమి కాగితం. నిజాం కాలపు రికార్డు ఉర్దూలో ఉంటుంది. 1954–55 ఖాస్రా పహాణీ నకలు తీసుకోండి, దొరికితే అంతకు ముందరి సేత్వార్ (భూమి సర్వే రికార్డు) కూడా. ఇందుకు పాత తాలూకా పేరు గుర్తుపెట్టుకోవాలి. 1985లో మండలాలు వచ్చాయి, 2016లో మహబూబ్‌నగర్ జిల్లా నాలుగైంది, ఫైలు ఏ ఊరి బీరువాలో ఉందో ఒక్క చోట అడిగితే తేలదు. ఇనాం, మన్సబు (నిజాం ఇచ్చిన హోదా, భృతి), జీతాల వంటి దస్తావేజులుంటే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారానికి వెళ్లాలి. పార్సీ, ఉర్దూ చదవగలిగిన పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి.

లిపి దొరికాక విడగొట్టండి. ఇది మన సంధి విడగొట్టడం లాంటిదే. ముందున్న 'బిన్' అంటే కొడుకు, 'బింత్' అంటే కూతురు, 'అబూ' అంటే ఫలానావాడి తండ్రి. చివర దీర్ఘమైన 'ఈ' ఉంటే ఊరో, తెగో చెప్తోందని అర్థం. యాఫయీ అంటే యాఫా వాళ్లు, కసీరీ అంటే కసీర్ తెగవాళ్లు. మనం పాలమూరోడు అన్నట్టే. హద్దాద్ అంటే కమ్మరి, నజ్జార్ అంటే వడ్రంగి, ఇవి వృత్తి పేర్లు.

ముందున్న 'బా' అన్నింటికన్నా విలువైన ఆనవాలు. యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతపు ఇంటిపేర్లకు ఉండే ముద్ర అది. 'ఫలానావారి సంతతి' అని దాని భావం. కేరళ ముస్లిం లీగ్ నాయకుడు బాఫఖీ తంగళ్ పేరులో ఉన్నది కూడా ఇదే 'బా'. తర్వాతి మాట ఫఖీహ్, ధర్మశాస్త్రం తెలిసినవాడు. అయితే 'బా'తో మొదలైన ప్రతి పేరూ హద్రమీ పేరు కాదు. బాసిత్, బాఖర్ లాంటివి విడి అరబ్బీ మాటలు. పరీక్ష తేలిక: 'బా' తీసేసి చూడండి. మిగిలింది సొంతంగా నిలబడే మాట అయితే అది ముద్రే అనుకోవచ్చు. బాసిత్‌లో 'సిత్' నిలబడదు. బావజీర్‌లో 'వజీర్' నిలబడుతుంది.

ఇప్పుడు అర్థం. అరబ్బీ మాటలో ఎక్కువగా మూడు హల్లుల ధాతువు ఉంటుంది, నిఘంటువులో దాని కిందే వెతకాలి. వజీర్‌కు వావ్, జే, రే. ఈ ధాతువు నుంచి వచ్చిన 'విజ్ర్' అంటే బరువు, మోయాల్సిన భారం. వజీర్ అంటే రాజుతోపాటు ఆ భారం మోసేవాడు. ఖురాన్ ఇరవయ్యో సూరాలో మూసా ప్రవక్త తన ఇంటివాళ్లలోంచే, తన అన్న హారూన్‌నే, వజీరుగా ఇవ్వమని దేవుణ్ని వేడుకుంటాడు. అక్కడ మంత్రి కన్నా తోడు అనే అర్థమే ఎక్కువ. మాటకు పాత పారశీక మూలం ఉందనే వాదం కూడా ఉంది. పాత నిఘంటువు లిసానుల్ అరబ్‌లో వెతికేవాళ్లు ధాతువు చివరి అక్షరం పట్టుకుని వెళ్లాలి, వజీర్ 'రే' అధ్యాయంలో ఉంటుంది. ఆ సంగతి తెలియక నేను వారం రోజులు వావ్ కింద వెతికాను.

అర్థం దొరకగానే ఇంట్లో పండగైపోతుంది. మా తమ్ముడైతే 'మన పెద్దలు మంత్రులు' అని మనవలకు చెప్పడం మొదలుపెట్టాడు. ఆపాను. మంత్రిప్రగడ ఇంటిపేరున్న ప్రతివాళ్ల తాతా మంత్రి కాడు గదా. మాట అర్థం వేరు, ఆ మాట మీ ఇంటికి ఎందుకు వచ్చిందన్నది వేరు. రెండోదానికి కాగితం కావాలి. నోటుబుక్కులో వాటిని రెండు వేరువేరు పేజీల్లో రాయండి.

ఊరు పట్టుకునే దగ్గర ఇంట్లో ఆడవాళ్ల మాటలు వినాలి. మా దాదీ తోట పక్కన పారే కాలువను 'గైల్' అనేది. 'గైల్ కాడికి పోయి బిందె ముంచుకురా' అని మమ్మల్ని పంపేది. ఆమె మన పాలమూరు బిడ్డే, అరబ్బీ రాదు. ఆ మాట దాదా నోటినుంచి నేర్చుకున్నది. మేము దాన్ని కాలువకు పెట్టిన ముద్దుపేరు అనుకున్నాం. చాలా ఏళ్లకు మ్యాపులో హద్రమౌత్ తీరాన ముకల్లా దగ్గర చూస్తే ఊరి పేరే 'గైల్ బావజీర్' అని ఉంది. గైల్ అంటే నేల మీద పారే ఊట నీరు. పొగాకుకు, గోరింటాకుకు పేరున్న ఊరు. కాబట్టి పేరును ఒక్కటే కాక, ముందూ వెనకా ఇతర మాటలు చేర్చి అరబ్బీ లిపిలో మ్యాపుల్లో వెతకండి. ఇంట్లో తిండికి, పాత్రకు, నీళ్లకు, చుట్టరికానికి ఏమైనా వింత మాటలుంటే అవీ రాసుకోండి. ముసలివాళ్లు ఉన్నప్పుడే.

అక్కడివాళ్లు ఇక్కడికెలా వచ్చారన్నదానికి మీ ఇంటి కథను దేశం కథతో కలిపి చూసుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దంలో హద్రమౌత్ మగవాళ్లు నిజాం దగ్గర సిపాయిలుగా చేరారు. జమేదారు ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ హైదరాబాద్‌లో సంపాదించిన సొమ్ముతోనే ఆయన కుటుంబం అక్కడ ఒక రాజ్యం నిలబెట్టింది. 1881లో ముకల్లా వాళ్ల చేతికొచ్చింది, 1967 దాకా ఆ రాజ్యం సాగింది. హైదరాబాద్‌లో ఆ సిపాయిల బ్యారక్సే ఇవాళ్టి బార్కస్. జిల్లాల్లో దొరలు, సంస్థానాలవాళ్లు ఖజానా కాపలాకూ, వసూళ్లకూ అరబ్బులను పెట్టుకునేవారు. పెళ్లిళ్లలో మోగే మర్ఫా వాద్యం ఆ అరబ్బులతో వచ్చిందే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత ఆ బలగాలు రద్దయ్యాయి, చాలామందిని ఓడలెక్కించి పంపేశారు. మా దాదా ఆ ఏడాదే పేరులోంచి 'బా' తీసి మాట్లాడటం మొదలుపెట్టాడని ఫూఫీ చెప్తుంది. మీ ఇంట్లో కూడా పేరు 1948కి ముందొకటి, తర్వాతొకటి ఉందేమో చూడండి. అది గుమాస్తా తప్పు కాకపోవచ్చు, భయం కావచ్చు.

ఆఖరిది, ఈ పేరున్నవాళ్లు ఎంతమంది అన్నది. మన జనగణన ఇంటిపేర్ల లెక్క ప్రచురించదు. ఇంటిపేర్ల సంఖ్యలు చూపే వెబ్‌సైట్లవి అంచనాలు. పైగా మా అబ్బాను అవి 'వజీర్'లలో వేస్తాయి, చిన్న చాచాను 'బావాజీ'లలో. అందుకే అంకె కోసం పోకండి, చోట్ల కోసం పోండి. మొదట రాసుకున్న రూపాలన్నిటినీ, ఇంగ్లిషు స్పెల్లింగుల్లో కలిపీ విడదీసీ, ఒక్కొక్కటిగా వెతకండి. ఇండోనేషియాలో 1998లో కొన్నాళ్లు ఆర్థిక మంత్రిగా ఉన్న ఫువాద్ బావజీర్ ఇంటిపేరులో అక్కడి స్పెల్లింగు ప్రకారం చివరి r ముందు ఒక e అదనంగా ఉంటుంది (Bawazier). హద్రమౌత్ ఓడలు జావాకూ, తూర్పు ఆఫ్రికాకూ, మన దక్కనుకూ పోయాయి కాబట్టి, పాలమూరులో అరుదైన పేరు అరేబియా తీరంలో ఒక ఊరంతా ఉండొచ్చు. ఒకే పేరున్నవాళ్లు దొరికితే వెంటనే చుట్టాలమని చెప్పుకోకండి. ఒకే ఊరివాళ్లం, ఒకే తెగవాళ్లం అని చెప్పుకోవచ్చు, అంతకుమించితే సియాహా చూపాలి.

మా ఇంట్లో ఇప్పుడు ఒక తీర్మానం చేసుకున్నాం. మనవరాలి జనన ధ్రువపత్రంలో తెలుగులోనూ ఇంగ్లిషులోనూ బావజీర్ అని ఒక్క మాటగా, మధ్య ఖాళీ, చుక్క లేకుండా రాయించాం. చుక్క పెడితే మళ్లీ ఎవరో ఒకరు 'బి' చేస్తారు. చిన్న చాచా పొలం మాత్రం ఇంకా బావాజీ పేరనే ఉంది. ఫూఫీ సియాహా నకలు జతచేసి దరఖాస్తు పెట్టాను.