ముడిధాన్యాలైనా, ధాన్యం లేని పిండ్లైనా.. కిటుకంతా నీళ్ళ లెక్కలోనే ఉంది

హోల్ గ్రెయిన్స్ మొదలెడదాం అని సంబరంగా కొనుక్కొచ్చి, ఒక్కసారి వండి, గట్టిగా ఉందనో ముద్దయిందనో ఆ డబ్బాని అల్మారాలో వెనక్కి నెట్టేసినవాళ్ళు చాలామందే ఉంటారు. బాదం పిండి, కొబ్బరి పిండి సంగతీ అంతే, ఒక కేకో రొట్టో ట్రై చేస్తారు, అది పొడిపొడిగా రాలిపోతుంది, ఇక మళ్ళీ ఆ ప్యాకెట్ జోలికి వెళ్ళరు. ఎక్కువసార్లు ఇక్కడ తప్పు రుచిది కాదు. తెల్లబియ్యానికి పోసినన్ని నీళ్ళే ముడిబియ్యానికీ పోస్తాం, మైదా కలిపినట్టే కొబ్బరి పిండినీ కలుపుతాం, అదీ అసలు ఇబ్బంది. ఏది ఎంత నీళ్ళు తాగుతుంది, ఎంతసేపట్లో తాగుతుంది, తాగాక పట్టి ఉంచే జిగురు దానికి ఉందా లేదా, ఈ మూడూ తెలిస్తే మిగతాది మామూలు వంటే.

ముందు ధాన్యాల సంగతి చూద్దాం. ఏ గింజకైనా బయట ఊక ఉంటుంది, అది ఎలాగూ తినలేం, తీసేస్తారు. దాని కింద తవుడు పొర, లోపల పిండి పదార్థం, ఒక మూల చిన్నగా మొలకెత్తే భాగం. ఈ మూడూ ఉంటేనే హోల్ గ్రెయిన్. పాలిష్ పట్టినప్పుడు తవుడూ, మొలక భాగమూ పోతాయి, పీచు, బి విటమిన్లు, మంచి నూనెలు చాలావరకు వాటితోపాటే వెళ్ళిపోతాయి. తవుడు పొర నీటిని లోపలికి తొందరగా వెళ్ళనివ్వదు కాబట్టే ముడిబియ్యం ఉడకడానికి అంత టైం పడుతుంది. మొలక భాగంలో నూనె ఉంటుంది కాబట్టే ముడిధాన్యాల పిండి తొందరగా ముక్కవాసన వస్తుంది. ఈ రెండు విషయాలూ గుర్తుంటే చాలు, కింద చెప్పేవన్నీ వాటి నుంచి వచ్చేవే.

కొనేటప్పుడు ఒక్క మాట. ప్యాకెట్ మీద మల్టీగ్రెయిన్ అని రాసి ఉంటే చాలా రకాల ధాన్యాలు ఉన్నాయని అర్థం, అవి పాలిష్ పట్టనివి అని కాదు. బ్రెడ్ గోధుమరంగులో ఉన్నంత మాత్రాన హోల్ వీట్ అయిపోదు, కారమెల్ రంగు వేసినా అలాగే కనిపిస్తుంది. వెనక తిప్పి చూడండి, పదార్థాల లిస్టులో మొట్టమొదటి పేరు ఏంటో అదే అందులో ఎక్కువగా ఉన్నది.

ఇక నానబెట్టడం. బద్ధకించకుండా చేయాల్సిన పని ఇదొక్కటే అనుకోండి. ముడిబియ్యం ఒక గంట నానినా తేడా తెలుస్తుంది, కొర్రలు, సామలు లాంటి చిరుధాన్యాలు పాలిష్ పట్టనివైతే నాలుగైదు గంటలు, జొన్నలు, ముడి గోధుమలు, ముడి బార్లీ అయితే రాత్రంతా. దీనివల్ల టైం, గ్యాస్ కలిసొస్తాయి, పైగా ఖనిజాలు ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటిక్ ఆమ్లం కూడా కొంత తగ్గుతుంది. నానబెట్టిన నీళ్ళు పారబోసి కొత్తవి పోయండి. మామూలు గదిలో రాత్రంతా ఉంచితే వేడికి పులిసిపోతుందనుకుంటే ఫ్రిజ్‌లో పెట్టేయండి, ఏం కాదు.

ఇప్పుడు కొలతలు, ఇవి మూతపెట్టి గిన్నెలో వండే పద్ధతికి. ముడిబియ్యం కప్పుకి రెండు నుంచి రెండున్నర కప్పుల నీళ్ళు, నానబెట్టకపోతే నలభై నుంచి నలభై ఐదు నిమిషాలు, నానితే ఇంకాస్త తక్కువ. కొర్రలకి కప్పుకి రెండు, రెండున్నర, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. బార్లీకి కప్పుకి మూడు కప్పులు, అయితే బార్లీ రెండు రకాలు, తెల్లగా గుండ్రంగా ఉండేది పాలిష్ పట్టింది, అరగంటలో అయిపోతుంది, కాస్త గోధుమరంగులో ఉండే ముడిది గంట దాకా తీసుకుంటుంది. ఓట్స్‌లో స్టీల్ కట్ (ముక్కలుగా కోసినవి) అయితే కప్పుకి మూడు నుంచి నాలుగు కప్పులు, ఇరవై ముప్పై నిమిషాలు, రోల్డ్ ఓట్స్ (అటుకుల్లా నొక్కినవి) అయితే కప్పుకి రెండు కప్పులు, ఐదు నుంచి పది నిమిషాలు. జొన్నలు మాత్రం ఎంత ఉడికించినా మెత్తగా ముద్దవ్వవు, రాత్రంతా నానబెట్టి గంటసేపు ఉడికించినా పంటికింద నములుడు ఉంటుంది. నాకైతే అదే నచ్చుతుంది, సలాడ్‌లోకి, సూప్‌లోకి అలాంటి గింజే కావాలి, మెత్తటివి వేస్తే అరగంటలో గంజి అయిపోతుంది.

ఈ కొలతలన్నీ చూసి తల తిరుగుతుంటే ఒక దొడ్డిదారి ఉంది. పెద్ద గిన్నెలో చాలా నీళ్ళు మరిగించి, ఉప్పేసి, గింజలు వేసి, పాస్తా ఉడికించినట్టు ఉడికించి, అయ్యాక వార్చేయడమే. కొలత తప్పే ప్రశ్నే లేదు, అడుగంటదు, ముద్దవ్వదు. బి విటమిన్లు కొన్ని వార్చిన నీళ్ళతో పోతాయి నిజమే, కానీ బియ్యం విషయంలో ఇంకో లాభం ఉంది, వరి నేలలోంచి నీళ్ళలోంచి ఆర్సెనిక్ అనే విషపదార్థాన్ని పీల్చుకుంటుంది, అది ముడిబియ్యంలో తవుడు వల్ల ఇంకొంచెం ఎక్కువగా ఉంటుంది, ఎక్కువ నీళ్ళలో వండి వారిస్తే అందులో కొంత పోతుంది. రోజూ ముడిబియ్యమే తినే ఇంట్లో, ముఖ్యంగా చిన్నపిల్లలుంటే, వార్చి వండుకోవడమే మంచిది అంటాను.

ఉడికిందో లేదో గడియారం చూసి చెప్పకండి. పాత గింజలు ఎక్కువ టైం తీసుకుంటాయి, గిన్నె మందం, మంట, అన్నీ లెక్కే. ఒక గింజ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కండి, మధ్యలో తెల్లగా సుద్దలాంటి చుక్క కనిపిస్తే లోపలికి ఇంకా నీళ్ళు చేరలేదు, గిన్నెలో నీళ్ళు ఇంకిపోయి ఉంటే పావు కప్పు వేడినీళ్ళు పోసి మూతపెట్టండి, చన్నీళ్ళు పోయొద్దు. చుక్క పోయిందంటే స్టవ్ ఆపేసి, మూత తీయకుండా పది నిమిషాలు వదిలేయండి. ఆ పది నిమిషాల్లో అడుగున ఉన్న తడి, పైన ఉన్న ఆవిరి గింజలన్నిటికీ సమంగా సర్దుకుంటాయి, అప్పుడు ఫోర్క్‌తో కదిపితే విడివిడిగా వస్తుంది. వెంటనే గరిటె పెట్టి కలిపేస్తే మాత్రం పై పొర చిట్లి జిగురు బయటికొచ్చి ముద్దే.

పిండ్లకి వద్దాం. మైదా వాడే చోట ఒక్కసారిగా మొత్తం గోధుమపిండి వేసేయకండి, మూడోవంతుతో మొదలెట్టి, అలవాటయ్యాక సగం, తర్వాత పూర్తిగా. తవుడు నీళ్ళు ఎక్కువ తాగుతుంది కాబట్టి కప్పుకి ఒకటి రెండు స్పూన్ల నీళ్ళు అదనంగా పోసి, కలిపాక ఇరవై నిమిషాలైనా పక్కన పెట్టండి. కలిపినప్పుడు చేతికి అంటుకుంటున్నట్టుండే పిండి ఆ ఇరవై నిమిషాల్లో తానే సర్దుకుంటుంది, అంటుకుంటోంది కదా అని పొడిపిండి చల్లుకుంటూ పోతే చివరికి రాయిలాంటి బ్రెడ్డే తినాలి.

జొన్న, సజ్జ, రాగి పిండ్లలో గ్లూటెన్, అంటే గోధుమపిండికి సాగుడు ఇచ్చే ప్రోటీన్, ఉండదు, అందుకే చన్నీళ్ళతో కలిపితే రొట్టె ఒత్తుతుంటేనే అంచులు పగుళ్ళిస్తాయి. సలసలా మరిగే నీళ్ళు పోస్తే పిండి పదార్థం కొంత ఉడికి జిగురొస్తుంది, ఆ జిగురే ఇక్కడ గ్లూటెన్ పని చేస్తుంది. నీళ్ళు పోసి ముందు గరిటెతో కలిపి, చెయ్యి పట్టేంత వేడికొచ్చాక అరచేతి మడమతో బాగా మర్దించండి, ఎంత మర్దిస్తే అంత సాగుతుంది. వేడిగా ఉన్నప్పుడే చేసేయాలి, ఆరిపోయిందంటే మళ్ళీ పగుళ్ళే.

ఇప్పుడు ధాన్యం లేని వంట. ఇక్కడ చాలామంది గ్లూటెన్ ఫ్రీ, గ్రెయిన్ ఫ్రీ రెండూ ఒకటే అనుకుంటారు, కాదు. బియ్యం, మొక్కజొన్న, జొన్న, రాగి ఇవన్నీ గ్లూటెన్ లేనివే కానీ ధాన్యాలే. గోధుమ, బార్లీ, రై ఈ మూడింటిలో గ్లూటెన్ ఉంటుంది. ఓట్స్‌లో సహజంగా అది ఉండదు, కానీ పొలంలోనో మిల్లులోనో గోధుమతో కలుస్తుంటాయి, సీలియాక్ అనే, గ్లూటెన్ పడని జబ్బు ఉన్నవాళ్ళు గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్నవే తీసుకోవాలి. ఇక క్వినోవా, తోటకూర గింజలు, బక్‌వీట్ ఇవి గడ్డిజాతి మొక్కల గింజలు కావు, వండటం తినడం ధాన్యంలాగే ఉంటుంది అంతే, పేరులో వీట్ ఉన్నా బక్‌వీట్‌కీ గోధుమకీ సంబంధమే లేదు. గ్రెయిన్ ఫ్రీ అనేవాళ్ళలో కొందరు వీటిని తింటారు, కొందరు ఇవి కూడా వద్దంటారు, పప్పులు కూడా వద్దనేవాళ్ళున్నారు, కాబట్టి ఎవరికోసం వండుతున్నారో వాళ్ళనే ఒకసారి అడిగేయడం నయం.

క్వినోవా చేదుగా ఉందంటే కడగడం సరిపోలేదని. దాని పైన సపోనిన్ అని ఒక పూత ఉంటుంది, సబ్బులా నురగొస్తుంది, సన్న జల్లెడలో వేసి నురగ పోయేదాకా కుళాయి కింద రుద్ది కడగాలి. కప్పుకి రెండు కప్పుల నీళ్ళు, పావుగంట, చిన్న తెల్లటి తోక విడివడి కనిపిస్తే అయిపోయినట్టు, ఐదు నిమిషాలు మూతపెట్టి వదిలేయండి.

అన్నానికి బదులు కాలిఫ్లవర్ తురుము అందరూ చేస్తారు, సగం మంది ఇంట్లో అది తడితడిగా వస్తుంది. కడిగాక పూర్తిగా ఆరనివ్వండి, తురిమాక పల్చటి గుడ్డలో వేసి పిండండి, వెడల్పాటి మూకుడులో పెద్ద మంట మీద ఐదు నిమిషాలు వేయించండి, మూత అస్సలు పెట్టొద్దు, ఉప్పు దింపేముందు వేయండి. ముందే ఉప్పేస్తే నీళ్ళన్నీ బయటికొచ్చి వేగాల్సింది కాస్తా ఉడుకుతుంది.

పిండ్లలో అన్నిటికంటే తేలిక శనగపిండి, పప్పుదినుసులు తినేవాళ్ళయితే మీ మొదటి ప్రయోగం దీంతోనే పెట్టుకోండి. కప్పు పిండి, కప్పు నీళ్ళు, రెండు స్పూన్ల నూనె, ఉప్పు, ఉండలు లేకుండా కలిపి కనీసం అరగంట, కుదిరితే ఇంకొన్ని గంటలు వదిలేయండి, పైకొచ్చిన నురగ తీసేసి పెనం బాగా కాలాక పోయండి. నానకుండా వెంటనే పోస్తే, సరిగ్గా కాలకపోయినా, పచ్చివాసన, చేదు రెండూ తెలుస్తాయి.

బాదం పిండి నీళ్ళు పెద్దగా తాగదు, పట్టుకునే జిగురూ లేదు, అందుకని గుడ్డు కావాలి. కప్పు పిండికి రెండు గుడ్లు, పావు కప్పు పాలో నీళ్ళో, అర స్పూను బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, దీంతో చిన్న చిన్న పాన్‌కేకులు వస్తాయి. చిన్నవే పోయండి, పెద్దవి తిప్పేటప్పుడు విరిగిపోతాయి, మంట సిమ్‌లో ఉండాలి, బాదంలో నూనెకి పైన తొందరగా మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఓవెన్లో చేసినా మామూలు కంటే పది పదిహేను డిగ్రీలు తగ్గించండి. అన్నట్టు బేకింగ్ పౌడర్‌లో చాలావాటిలో మొక్కజొన్న పిండి కలుస్తుంది, పూర్తిగా గ్రెయిన్ ఫ్రీ కావాలంటే ఒక స్పూను బేకింగ్ పౌడర్ బదులు పావు స్పూను వంటసోడా, అర స్పూను వెనిగర్ కలిపి వాడేయొచ్చు. ఇంట్లోనే బాదం పిండి పడితే మిక్సీని ఆపి ఆపి తిప్పండి, ఆపకుండా తిప్పితే పిండి బదులు బాదం బటర్ వస్తుంది. ఇంకోటి, ధాన్యం లేదు కదా బరువు తగ్గుతాం అనుకుని కప్పులకి కప్పులు లాగించకండి, వంద గ్రాముల బాదంలో 580 దాకా కేలరీలుంటాయి, గోధుమపిండిలో 340 దగ్గర.

కొబ్బరి పిండి దీనికి పూర్తిగా రివర్స్, ఎంత తడి పోసినా పీల్చేసుకుంటుంది. మైదా ఒక కప్పు వేసేచోట ఇది పావు నుంచి మూడోవంతు కప్పు చాలు, పావు కప్పుకి కనీసం ఒక గుడ్డు, కలిపాక ఐదు నిమిషాలు ఆగి చూడండి, అప్పటికి గట్టిపడుతుంది, ఇంకాస్త పాలు కావాలో లేదో అప్పుడే తెలిసేది. బాదం పిండి బదులు కొబ్బరి పిండి సమానంగా వేసేయడం అన్నిటికంటే కామన్‌గా చేసే పొరపాటు. నట్స్ పడనివాళ్ళకి పొద్దుతిరుగుడు గింజల పిండి బాగుంటుంది, బాదం పిండికి సమానంగానే వేసుకోవచ్చు, కాకపోతే వంటసోడా తగిలితే కేక్ చల్లారాక లోపల పచ్చగా, నిజంగానే ఆకుపచ్చగా మారుతుంది. బూజు అనుకుని పారేయకండి, ఆ గింజల్లో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం సోడాతో కలిసి ఆ రంగొస్తుంది, తింటే ఏం కాదు. ఒక స్పూను నిమ్మరసం కలిపి, సోడా కాస్త తగ్గిస్తే రంగు తగ్గుతుంది.

గుడ్లు తిననివాళ్ళు ఒక పెద్ద స్పూను అవిసెగింజల పొడిని మూడు పెద్ద స్పూన్ల నీళ్ళలో పది నిమిషాలు నానబెడితే జిగురుగా అయి ఒక గుడ్డు పని చేస్తుంది, గింజలు మాత్రం పొడి చేసే వాడాలి. రొట్టె సాగాలంటే ఇసబ్గోల్ పొట్టు, కప్పు పిండికి ఒక పెద్ద స్పూను, తడి తగిలాక పది నిమిషాలు టైం ఇవ్వండి. కర్రపెండలం పిండి రెండు మూడు స్పూన్లు కలిపితే కాస్త సాగుడు, కరకర రెండూ వస్తాయి, అది ఉత్త పిండి పదార్థమే, పీచు పెద్దగా ఉండదు కాబట్టి కలుపుడుకే వాడండి.

ఇన్నాళ్ళూ పాలిష్ పట్టినవే తిన్న కడుపుకి ఒక్క వారంలో ఇంత పీచు ఎక్కిస్తే గ్యాస్, ఉబ్బరం ఖాయం. రోజుకి ఒక పూట చాలు ముందు, నీళ్ళు బాగా తాగండి, ఇసబ్గోల్ వేసినవి తిన్నప్పుడు మరీను.

నిల్వ విషయానికొస్తే ముడిధాన్యాల పిండి, నట్స్ పిండి తక్కువ తక్కువగా తెచ్చుకుని గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లోనో ఫ్రీజర్‌లోనో పెట్టుకోండి, చేదు వాసనొస్తే పడేయడమే. వండిన గింజలు ఆదివారం ఒకేసారి ఎక్కువ వండుకుని వారంలో వాడుకోవచ్చు కానీ గిన్నెలోనే గంటలకొద్దీ బయట వదిలేయకండి, బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తులు ఉడికించినా చావవు, గోరువెచ్చగా ఉన్నంతసేపూ పెరుగుతాయి, అవి వదిలే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పరిచి ఆరబెట్టి రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టేస్తే మూడు నాలుగు రోజులు నిక్షేపంగా ఉంటాయి, కప్పు కప్పుగా కవర్లలో వేసి బల్లపరుపుగా నొక్కి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు, తీసినప్పుడు ఒక స్పూను నీళ్ళు చల్లి మూతపెట్టి పొగలొచ్చేదాకా వేడిచేసుకుంటే సరిపోతుంది.