గేమ్ దింపే ముందు రివ్యూలో ఏం చూడాలి

రాయగడలోనో పర్లాకిమిడిలోనో రోజుకు 1.5 జీబీ డేటాతో నెట్టుకొచ్చేవాళ్లకి 12 జీబీ గేమ్ అంటే ఎనిమిది రోజుల డేటా హుష్‌కాకి. అందుకే ముందు రివ్యూ చదువుతాం. అది పనికొచ్చేదో కాదో మొదటి రెండు పేరాల్లోనే తేలిపోతుంది.

ఏ మెషీన్ మీద ఆడారో వెతకండి. ఫోనైతే ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ సెట్టింగ్ మూడూ రాసి ఉండాలి. "స్మూత్‌గా ఉంది" అన్న మాట దేనికీ కొరగాదు. 60 ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు తెర మీద 60 ఫ్రేములు (బొమ్మలు) మారితే, ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు, 30 అయితే 33.3. సగటు 55 ఉన్నా, నడుమ ఒక్క ఫ్రేము 100 మిల్లీసెకన్లు దాటిందంటే సరిగ్గా గురిపెట్టే వేళకే బొమ్మ ఆగి దూకుతుంది. కాబట్టి కనిష్ఠ ఎఫ్‌పీఎస్ కూడా చెప్పిన రివ్యూనే నమ్మండి. ఎంతసేపు ఆడారన్నదీ చూడాలి. ఫోన్ బాగా వేడెక్కాకే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, పది నిమిషాల ఆటలో అది బయటపడకపోవచ్చు. మే నెలలో మన ఎండలకైతే చెప్పనే అక్కర్లేదు.

విడుదలకు ముందే వచ్చిన రివ్యూ అయితే కంపెనీ ఏ వెర్షన్ ఇచ్చిందో చూడండి. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 గేమ్ ముందస్తు రివ్యూలు పీసీ కాపీ మీద రాసినవి. సోనీ గేమ్ మెషీన్ పీఎస్4లో ఎంత అధ్వానమో జనం కొన్నాకే తెలిసింది. విడుదలై వారం తిరిగేసరికి సోనీ దాన్ని స్టోర్ నుంచే తీసేసింది.

ఆన్‌లైన్ గేమైతే పింగ్ (మన ఫోన్ నుంచి సర్వర్‌కి సందేశం వెళ్లి రావడానికి పట్టే సమయం) ఏ ఊళ్లో, ఏ కనెక్షన్ మీద కొలిచారో ఉండాలి. హైదరాబాద్ ఫైబర్ మీద వచ్చిన అంకె గుణుపురంలో మొబైల్ డేటాకి వర్తించదు. పదికి ఎన్ని మార్కులన్నది చివర్లో చూసుకోవచ్చు, చూడకపోయినా కొంప మునగదు.