మోరెల్స్ కావాలంటే ముందు తల పైకెత్తండి

మొదటి రెండు వసంతాలు మోరెల్ అనే పుట్టగొడుగుల కోసం మెడ వంచుకుని అడవంతా తిరిగాను. మెడనొప్పి మిగిలింది, బుట్టలో ఏమీ మిగల్లేదు. మూడో ఏడు ఒక పెద్దాయన వెంట వెళ్లాను. ఆయన నేలకేసి చూడనే లేదు. కళ్లు చికిలించి కొమ్మల చివర్లు చూస్తూ తాపీగా నడుస్తున్నారు. ఒకచోట ఆగి, "అదిగో, ఆ ఎల్మ్ చెట్టు చచ్చిపోతోంది. దాని కింద చూడు" అన్నారు. వెళ్లి చూస్తే ఏడు ఉన్నాయి. ఆ చెట్టు పక్క నుంచే నేను అంతకుముందు ఎన్నిసార్లు నడిచానో!

మోరెల్‌ని ఎప్పుడూ చూడనివాళ్లకి ఒక్క మాట. మామూలు పుట్టగొడుగులా గొడుగు ఉండదు. తల అంతా తేనెపట్టులా గుంటలు గుంటలుగా, కోలగా ఉంటుంది. బూడిద రంగు, పసుపు, గోధుమ, నలుపు అన్నీ ఉంటాయి. హిమాలయాల్లో దీన్నే గుచ్చి అంటారు. గట్టి చలికాలం గడిచి, మంచు కరిగి, నేల మెల్లగా వేడెక్కే చోట్లే వీటి కోసం చూడాలి.

ఎప్పుడు వెళ్లాలి అంటే తేదీ చెప్పలేను. ఉత్తరార్ధగోళంలో మార్చి నుంచి జూన్ దాకా, వెచ్చటి చోట ముందు, ఎత్తైన చోట ఆలస్యంగా. అది చాలా పెద్ద గడువు, ఒక్కో చోట సీజన్ మాత్రం మూడు, నాలుగు వారాలే. అందుకే నేను వంటింట్లో వాడే పుల్ల థర్మామీటర్ ఒకటి జేబులో పెట్టుకుంటాను. ఆకులు పక్కకి తోసి నాలుగు వేళ్ల లోతున గుచ్చి చూస్తాను. 7 డిగ్రీలుంటే ఇంటికి. 10 దాటితే వెతకడం మొదలు. పగలు 15 నుంచి 20, రాత్రి 5 కంటే తగ్గకుండా నాలుగైదు రోజులు ఉండి, మధ్యలో ఒక మంచి వాన పడితే మర్నాడు కాదు, రెండు మూడు రోజులాగి వెళ్తాను. వాన పడగానే పరిగెత్తితే బురద తప్ప ఏం దొరకదు.

థర్మామీటర్ లేకపోతే చెట్లే చెబుతాయి. ఓక్ చిగుళ్లు ఎలుక చెవంత అయినప్పుడు, లైలాక్ అనే పూలపొద మొగ్గ విచ్చేటప్పుడు చూడమని పాతవాళ్లు అంటారు. నా నోట్‌బుక్‌లో రాసుకున్నంతవరకు ఈ లెక్క పెద్దగా తప్పలేదు. నల్లవి ముందు వస్తాయి, పసుపువి వారం, రెండు వారాలు వెనక.

ఇక చెట్టు. చనిపోతున్న ఎల్మ్ అన్నిటికంటే మంచిది. పూర్తిగా ఎండి, బెరడంతా రాలి, ఎముకలా తెల్లబడ్డ చెట్టు కింద నాకు ఎప్పుడూ ఏమీ దొరకలేదు. పైకొమ్మలకి చిగురు రాకుండా, బెరడు అప్పుడప్పుడే పలకలు పలకలుగా ఊడుతున్న చెట్టు కావాలి. అంటే పోయి ఏడాదో, రెండేళ్లో అయినది. మొదలు దగ్గరే చూసి వెళ్లిపోకండి. కొమ్మలు ఎంతదాకా పరుచుకున్నాయో అంతదాకా చుట్టూ తిరగండి, వేళ్లు అంతకంటే దూరమే పోతాయి. యాష్, ట్యూలిప్ పోప్లర్, ఏటి ఒడ్డున కాటన్‌వుడ్ చెట్లు కూడా వదలకండి.

పాత ఆపిల్ తోటల్లో బాగా దొరుకుతాయని చెబుతారు, నిజమే. కానీ ఒకప్పుడు ఆపిల్ తోటలకి సీసం, ఆర్సెనిక్ కలిసిన మందు కొట్టేవాళ్లు. అవి నేలలో దశాబ్దాలు నిలుస్తాయి, పుట్టగొడుగు వాటిని పీల్చుకోగలదు. తోట చరిత్ర తెలియకపోతే నేను ఫోటో తీసుకుని వచ్చేస్తాను.

కాలిన అడవి సంగతి వేరు. పైన్, ఫిర్ లాంటి చెట్లున్న కొండ కిందటి వేసవిలో కాలితే, ఈ వసంతంలో అక్కడ విరగబడి రావచ్చు. రెండో ఏడు అందులో కాస్తే ఉంటాయి. తెల్లబూడిద తప్ప ఏమీ మిగలని చోట కాదు, చెట్టు మాడి, ఎర్రబారిన సూదుల్లాంటి ఆకులు బూడిద మీద రాలిన చోట చూడండి. ఒకటే జాగ్రత్త: కాలిన చెట్లు చెప్పా పెట్టకుండా పడతాయి. గాలి వీస్తున్న రోజు అటు వెళ్లనే వద్దు. వేళ్లు కాలి గుల్లైన నేల కాలు పెట్టగానే కుంగుతుంది, కర్రతో తట్టుకుంటూ నడవండి.

సీజన్ మొదట్లో ఎండ తగిలే దక్షిణపు వాలు, చివర్లో నీడగా ఉండే ఉత్తరపు వాలు. మీ దగ్గర అయిపోయాయని బాధపడనక్కర్లేదు, కొండ ఎక్కండి. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. కింద ముగిసిన సీజన్ పైన అప్పుడే మొదలవుతుంది.

మంచి చెట్టు దొరికాక నేను చేసే పని కూర్చోవడం. మొదట్లో అది తెలివితో చేసింది కాదు, బూటు లేసు ఊడి కూర్చున్నాను. లేసు ముడేస్తుంటే బొటనవేలికి జానెడు దూరంలో ఒక ఎండుటాకు వంకరగా పైకి లేచి కనిపించింది. దాని కింద చిటికెన వేలంత బూడిదరంగు తల, గుంటల్లో ఒక చీమ. అలాగే కదలకుండా చూస్తే పక్కన ఇంకోటి, దాని వెనక ఇంకో రెండు. నిలబడి పైనుంచి చూస్తే అన్నీ ఎండుటాకులే. కిందకి దిగి పక్కనుంచి చూస్తేనే వాటి ఆకారం తెలుస్తుంది. ఒకటి దొరికితే అక్కడే ఆగిపోండి, కాలు కదిపేముందు చుట్టూ చూడండి. నేను ఆనందంలో గెంతి రెండు తొక్కేశాను కూడా.

కాడని నేల పైన చాకుతో కోయండి, మట్టి అంటదు. బుట్టో, గుడ్డసంచో వాడండి. ఓసారి ప్లాస్టిక్ కవర్లో వేసి కారు డిక్కీలో పెట్టి మర్చిపోయాను. సాయంత్రానికి చెమటపట్టి, జిగురైపోయి, వాసన. అన్నీ పారేశాను. ఎక్కడైనా సరే, కోసే ముందు ఆ స్థలం ఎవరిదో, కోయనిస్తారో లేదో కనుక్కోండి. కొన్ని అడవుల్లో పర్మిట్ కావాలి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, నడుం దగ్గర పిడుదులు పట్టాయేమో చూసుకోండి, వాటికీ అదే సీజన్.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. ప్రతిదాన్నీ, ఒక్కటి కూడా వదలకుండా, తల నుంచి కాడ దాకా నిలువునా రెండుగా కోయండి. మోరెల్ లోపల పైనుంచి కిందదాకా ఒకటే బోలు, కొవ్వొత్తి అచ్చులా. తల అంచు కాడకి అతుక్కుని ఉంటుంది. కాడ మీద టోపీ పెట్టినట్టు తల శిఖరం దగ్గర మాత్రమే అంటుకుని, కాడలో దూదిలాంటి పీచు ఉంటే అది మోరెల్ కాదు, వెర్పా అనే వేరే పుట్టగొడుగు. ఒకసారి నా బుట్టలో సగం అవే. తల గుంటలు గుంటలుగా కాకుండా మెదడులా ముడతలు పడి, ఎర్రటి గోధుమ రంగులో ఉండి, లోపల గదులో కండో ఉంటే అది జైరోమిట్రా అనే విషపు పుట్టగొడుగు. అందులోని విషం ఒంట్లోకి వెళ్లాక రాకెట్ ఇంధనంగా వాడే రసాయనంగా మారుతుంది, ప్రాణం తీయగలదు. అనుమానం ఉన్నది బుట్టలోకి రానివ్వకండి. ఫోన్ యాప్ చెప్పిందని అసలు తినకండి. మొదటి ఏడు తెలిసినవాళ్లకి చూపించాకే పొయ్యి వెలిగించండి.

అసలైన మోరెల్ కూడా పచ్చిది విషమే. 2023 వసంతంలో అమెరికాలోని మోంటానాలో ఒక రెస్టారెంట్‌లో పచ్చివి, సరిగ్గా ఉడకనివి తిని 51 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. కాబట్టి రెండుగా కోసి, లోపలి పురుగులు, ఇసుక పోయేలా కడిగి, కనీసం పది, పదిహేను నిమిషాలు బాగా వేగేదాకా వండండి. ఆవిరి బయటికి పోయేలా కిటికీ తెరిచి ఉంచండి. ఎండబెట్టినవి కూడా నానబెట్టి ఇలాగే వండాలి, ఎండినంత మాత్రాన విషం పోతుందని నమ్మలేం. మద్యం తాగుతూ తింటే కొందరికి వాంతులవుతాయి.

మొదటిసారి తినేవాళ్లు రెండు ముక్కలు తిని మర్నాటిదాకా ఆగండి. నేను ఆ ఎల్మ్ కింద దొరికిన ఏడింటినీ రెండుగా కోసి, పెద్దాయనకి చూపించి ఔననిపించుకుని, ఒక్కటే వండుకున్నాను. మిగతా ఆరు దారానికి గుచ్చి కిటికీ దగ్గర వేలాడదీశాను.