గృహహింస కేసు: పిటిషన్‌లో ఏం రాయించాలి

ప్రాణం మీదకొస్తే 112. సలహాకో, తలదాచుకునే చోటుకో 181. భర్త మీ ఫోన్ చూస్తాడనుకుంటే కాల్ లిస్టులోంచి నంబరు తీసెయ్యండి.

దెబ్బలుంటే ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. సిగ్గుపడి ‘బాత్‌రూంలో జారిపడ్డాను’ అనొద్దు. ఆ మాట ఓపీ చీటీకెక్కితే రేపు అవతలి లాయరు కోర్టులో చదివేది దాన్నే. ఎవరు, దేనితో, ఎప్పుడు కొట్టారో చెప్పి రాయించండి.

కాపురం హైదరాబాద్‌లో, కన్నవారు సోంపేటలోనా? కేసు కోసం హైదరాబాద్ తిరగక్కర్లేదు. 2005 నాటి గృహహింస చట్టం సెక్షన్ 27 ప్రకారం, తాత్కాలికంగా ఉంటున్న చోటైనా సరే, అక్కడి మొదటి తరగతి మేజిస్ట్రేటు కోర్టులో వెయ్యొచ్చు. బొబ్బిలిలో ఉంటే బొబ్బిలిలోనే. పెళ్లిలాంటి సహజీవనానికీ ఈ చట్టం వర్తిస్తుంది. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లా న్యాయ సేవాధికార సంస్థల్లో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు. స్త్రీ శిశు సంక్షేమ శాఖ తరఫు ప్రొటెక్షన్ ఆఫీసరు జరిగిన హింస మీద రిపోర్టు (డీఐఆర్) రాసి కోర్టుకు పంపుతారు.

అసలు చిక్కు పిటిషన్‌లో. ‘తగిన న్యాయం చేయగలరు’ అని వదిలేస్తే చేతికొచ్చేది తక్కువ. దేనికది విడిగా అడగాలి: జోలికి రాకుండా రక్షణ (సెక్షన్ 18), ఇంట్లోంచి గెంటకుండా నివాసం (19), నెలనెలా ఖర్చు (20), పిల్లల్ని మీ దగ్గరే ఉంచుకోవడం (21), పరిహారం (22). ఇల్లు అత్తగారి పేరున ఉందని 19ని వదులుకోవద్దు. కాపురం చేసిన ఇల్లయితే అది బంధువులదైనా అడగొచ్చని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. కేసు 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది, వాయిదాల సంగతి తెలిసిందే. అందుకే సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వు (కేసు తేలేలోపు ఇచ్చేది) మొదటి రోజే కోరండి, దానికి ఫారం 3 అఫిడవిట్ జతచెయ్యాలి.

సారె, బంగారం ఎన్ని తులాలో, ఏ వస్తువు ఎవరి దగ్గరుందో జాబితా పెట్టండి. పెళ్లి ఫొటోలు పనికొస్తాయి. భర్త పనిచేసే చోటు చిరునామా కూడా ఇవ్వండి. నోటీసు తిరిగొస్తే వాయిదా పడుతుంది. బెదిరింపు మెసేజ్‌లున్న ఫోన్ అమ్మకండి, మార్చకండి. పెద్దమనుషుల తగువులో తెల్లకాగితం మీద సంతకం అసలే వద్దు.

ఉత్తర్వు కాపీ ఉచితంగానే ఇస్తారు. స్టేషనులో ఒకటి ఇచ్చి రసీదు తీసుకోండి. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. డబ్బు ఎగ్గొడితే దారి వేరు: సెక్షన్ 20(6) కింద అతని జీతంలోంచి నేరుగా మీకు కట్టమని యజమానిని ఆదేశించమనాలి.