ఆకురాలే కాలంలో క్యాంపర్ వ్యాన్ మొరాయిస్తే: సమస్యలు, పరిష్కారాలు

వేసవిలో పది రోజులు తిప్పినా పేచీ పెట్టని క్యాంపర్ వ్యాన్ (లోపలే పడక, పొయ్యి ఉండే బండి), ఆకులు రాలే కాలంలో రెండో రాత్రికే ఏదో ఒకటి మొదలుపెడుతుంది. పొద్దు తొందరగా వాలిపోతుంది, రాత్రుళ్లు చల్లబడతాయి, పల్లె దారులు తడిగా ఉంటాయి, సముద్రం ఒడ్డున ఉప్పుగాలి. ఆ భారమంతా బండి మీదే పడుతుంది. పైగా ఈ రోజుల్లో లక్షణం ఒకచోట కనిపిస్తే కారణం ఇంకెక్కడో ఉంటుంది. హీటర్ వెలగలేదని హీటర్‌నే విప్పేసినవాళ్లు చాలామంది, అందులో నేనూ ఉన్నాను. అందుకే కింద ముందు ఏం కనిపిస్తుందో, తర్వాత ఎక్కడ వెతకాలో, ఆ తర్వాతే ఏం చేయాలో రాశాను.

తెల్లారేసరికి అద్దాలు కారుతున్నాయి, పరుపు కింద చెమ్మ

కప్పు కారుతోందన్నదే ఎవరికైనా మొదటి అనుమానం. నేనూ అలాగే అనుకుని కిటికీ అంచుల చుట్టూ రెండుసార్లు సీలెంట్ పూశాను. మూడో రాత్రి చుక్క వాన పడలేదు, అయినా పొద్దున్నకి అద్దాలు తడిసి ముద్దయ్యాయి. అవి మేము వదిలిన నీళ్లే. నిద్రలో ఒక్కో మనిషి ఊపిరితో, చెమటతో గ్లాసెడు నీళ్లయినా గాలిలోకి వదులుతాడు. దానికి వంట ఆవిరి, లోపల ఆరేసిన తడి జాకెట్లు తోడవుతాయి. గ్యాస్ పొయ్యి సంగతి చాలామందికి తట్టదు: కిలో గ్యాస్ మండితే సుమారు 1.6 కిలోల నీరు ఆవిరిగా పుడుతుంది. చల్లటి అద్దమో రేకో తగలగానే అదంతా చుక్కలు కడుతుంది.

కారుతోందా, చెమ్మ పడుతోందా తేల్చుకోడానికి తేలికైన పరీక్ష ఉంది. తడిసిన చోటు తుడిచి, ఆరబెట్టి, అరచేతంత ప్లాస్టిక్ ముక్కని నాలుగు వైపులా టేపుతో అతికించండి. పొద్దున్నకి ప్లాస్టిక్ పైన తడి ఉంటే అది లోపలి గాలిలోది. ప్లాస్టిక్ వెనక తడి ఉంటే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి.

చెమ్మే అయితే, చలేస్తోందని అన్నీ బిగించుకోవడం మానాలి. కప్పు వెంటిలేటర్ ఒక వేలు, కింద ఒక కిటికీ ఒక వేలు తెరిచి ఉంచితే గాలి పైకి లాగుతుంది. వెంటిలేటర్ ఒక్కటే తెరిస్తే పెద్దగా ఉపయోగం ఉండదు, గాలి లోపలికి రావడానికీ దారి కావాలి. గిన్నెల మీద మూత పెట్టండి, తడి బట్టలు ముందు సీట్ల వైపు ఉంచి మధ్యలో తెర వేయండి. ముందు అద్దానికి లోపలి కర్టెన్ కన్నా బయటినుంచి కప్పే దుప్పటి లాంటి కవరు మేలు, అద్దమే చల్లబడదు కాబట్టి. పరుపు కింద పలక ఉంటే రంధ్రాలున్న పరుపు మ్యాట్ వేయండి, లేదంటే పొద్దున్నే పరుపు ఎత్తి నిలబెట్టండి. వారం రోజులు పట్టించుకోకపోతే బూజు ఖాయం.

ఒక జాగ్రత్త. నేలలో ఉండే చిన్న రంధ్రాల్లోంచి చలిగాలి వస్తోందని కొందరు గుడ్డలు కుక్కేస్తుంటారు. గ్యాస్ లీకైతే బయటికి పోవడానికే వాటిని పెట్టారు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, కిందికే దిగుతుంది. వాటి జోలికి పోవద్దు.

ముందు సీటు దగ్గర కాళ్ల కింద నీళ్లు

ఇది మాత్రం చెమ్మ కాదు. ముందు అద్దం కింద, వైపర్ల మొదట్లో ఒక కాలువ లాంటిది ఉంటుంది. వాన నీళ్లు అందులోంచి రెండు పక్కలా కిందికి పోతాయి. చెట్ల కింద రెండు రాత్రులు ఆపితే రాలిన ఆకులు ఆ దారుల్ని మూసేస్తాయి, నీళ్లు నిండి క్యాబిన్‌లోకి దిగుతాయి. బానెట్ ఎత్తి ఆకులు చేత్తో తీసేయండి, మెత్తటి ప్లాస్టిక్ పుల్లతో రంధ్రం కదిపి, చెంబుడు నీళ్లు పోసి కిందికి కారుతున్నాయో లేదో చూడండి. గట్టి తీగ పొడిస్తే లోపలి రబ్బరు గొట్టం చిరిగిపోవచ్చు. కార్పెట్ పైన ఆరినట్టే ఉన్నా దాని కింది ఫోమ్ రోజుల తరబడి నీళ్లు పట్టి ఉంచుతుంది, ఎత్తి ఆరబెట్టాల్సిందే.

కప్పునుంచే కారుతుంటే మాత్రం చుక్క పడే చోటుకి సూటిగా పైన చూసి లాభం లేదు. నీరు పలకల వెనక జారుకుంటూ మీటరు దూరం పోయి బయటపడుతుంది. బండి ఏ వైపు వాలుగా ఆగి ఉందో చూసి, దానికి ఎగువ వైపున వెతకండి.

నడిరాత్రి హీటర్ ఆగిపోయింది, మళ్లీ వెలగడం లేదు

డీజిల్ హీటర్ అయితే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ తీయండి. హీటర్ వెలిగేటప్పుడు డీజిల్‌ని అంటించే లోపలి గ్లో ప్లగ్ కొద్ది నిమిషాలపాటు 8 నుంచి 10 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. వెలిగాక తీసుకునేది అందులో చిన్న వంతే. అందుకే లైట్లు బాగానే వెలుగుతుంటాయి, ఫోన్ ఛార్జ్ అవుతూనే ఉంటుంది, హీటర్ మాత్రం ఫ్యాన్ తిప్పి, కాస్త తెల్ల పొగ వదిలి, ఎర్రర్ చూపించి పడుకుంటుంది. వోల్టేజీ 10.5 దగ్గరికి పడితే చాలా హీటర్లు వాటంతట అవే ఆగిపోతాయి.

లెడ్ యాసిడ్ బ్యాటరీని ఛార్జింగూ వాడకమూ లేకుండా గంటా రెండు గంటలు వదిలేసి కొలవండి. 12.7 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12.0 అంటే పాతిక వంతు. సగానికన్నా కిందికి తరచూ దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. లిథియం బ్యాటరీకి ఈ లెక్క పనికిరాదు, దాదాపు ఖాళీ అయ్యేదాకా 13 దగ్గరే చూపిస్తుంది. ఇంకో సంగతి: సున్నా డిగ్రీల కన్నా చల్లబడ్డ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు, మంచివాటిలో లోపలి సర్క్యూటే ఛార్జింగ్ ఆపేస్తుంది. మంచు పడ్డ పొద్దున్న సోలార్ పనిచేయట్లేదని టెన్షన్ పడేవాళ్లు ఒకసారి బ్యాటరీ ఎంత చల్లగా ఉందో చూసుకోవాలి.

సరే, బ్యాటరీ ఎందుకు నిండలేదు? ఈ కాలంలో సూర్యుడు పెద్దగా పైకి రాడు, కప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కి ఏటవాలు ఎండే తగులుతుంది. దాని మీద తడి ఆకు ఒక్కటి అతుక్కుంటే చాలు, సెల్స్ అన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఆకు వైశాల్యానికి ఎన్నో రెట్లు కరెంటు పడిపోతుంది. రోజూ ప్యానెల్ తుడవండి, పగలు చెట్టు నీడలో ఆపకండి. రోజుకి అరగంట నడిపి ఆపేసే ప్రయాణమైతే, ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మీదా ఆశ పెట్టుకోవద్దు. కొత్త ఇంజిన్లలో ఆల్టర్నేటర్ ఇంధనం ఆదా కోసం వోల్టేజీ తగ్గించేస్తుంటుంది. అలాంటి బండిలో రెండు బ్యాటరీలనీ నేరుగా కలిపే పాత రకం రిలే (స్విచ్) ఉంటే మూడు గంటలు నడిపినా లోపలి బ్యాటరీ నిండదు. ఆల్టర్నేటర్ వోల్టేజీ తగ్గినా దాన్ని పెంచి లోపలి బ్యాటరీని నింపే డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టించుకోవడమే దారి. నా మటుకు, రెండో సోలార్ ప్యానెల్ కొనే డబ్బు ముందు దీనికి ఖర్చు పెట్టడం మంచిది.

వోల్టేజీ బాగుంటే అప్పుడు ఇంధనం చూడండి. బండి ట్యాంకులోంచే డీజిల్ తీసుకునే హీటర్ గొట్టాన్ని కావాలనే కాస్త ఎత్తులో పెడతారు. ట్యాంకు పావు వంతుకి దిగితే హీటర్‌కి డీజిల్ అందదు, ఇంజిన్‌కి అందుతుంది. ఎక్కడో పొలాల మధ్య రాత్రంతా హీటర్ వేసి పొద్దున్నకి ఇరుక్కుపోకుండా చేసిన ఏర్పాటు అది. రెండూ సరిగ్గా ఉంటే మిగిలింది మసి. ఎప్పుడూ తక్కువ మంట మీదే నడిపే హీటర్‌లో మసి పేరుకుంటుంది, మూడు నాలుగు రోజులకోసారి ఫుల్ మీద అరగంట నడపండి. ఆపేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేయొద్దు. లోపల చల్లబడేదాకా ఫ్యాన్‌ని తిరగనివ్వాలి.

పొద్దున్న గ్యాస్ మంట నీరసంగా ఉంది, సిలిండర్ మాత్రం బరువుగానే ఉంది

సిలిండర్‌లో బ్యూటేన్ ఉంది. అది ఆవిరయ్యేది సుమారు సున్నా డిగ్రీల దగ్గర, ప్రొపేన్ అయితే మైనస్ 42 దగ్గర. రెండూ కలిసిన సిలిండర్‌లో ప్రొపేన్ ముందే ఎక్కువగా ఖర్చయిపోతుంది, చివర్లో మిగిలేది చలికి కదలని బ్యూటేనే. చలి ప్రయాణానికి ప్రొపేన్ తీసుకోండి. సిలిండర్‌ని మంటతోనో వేడి గాలితోనో కాచే ప్రయత్నం మాత్రం వద్దు.

ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి, వికారం

ఒకరికైతే అలసట అనుకోవచ్చు. లోపలున్న అందరికీ ఒకేసారి వస్తే కార్బన్ మోనాక్సైడ్ అనుకుని కదలాలి. దానికి వాసన ఉండదు. వెంటనే తలుపులు తెరిచి బయటికి రండి, వీలైతే వస్తూ వస్తూ మంట ఆపండి, వైద్య సాయానికి ఫోన్ చేయండి. కారణం ఎక్కువగా రెండే: వెచ్చదనం కోసం వెలిగించి వదిలేసిన పొయ్యి, లేదా హీటర్ పొగ గొట్టం దగ్గర లీకు. గొట్టం నోటికి ఆకులో బురదో అడ్డుపడ్డా ప్రమాదమే. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని బండిలో రాత్రి పడుకోకూడదు, ఉన్నదానికీ గడువు తేదీ ఉంటుంది, వెనక్కి తిప్పి చూడండి.

రాత్రి నిండుగా ఉన్న నీళ్లు పొద్దున్నకి మాయం, బండి కింద మడుగు

ట్యాంకు పగిలిందని భయపడక్కర్లేదు. కొన్ని వేడినీళ్ల బాయిలర్లకి గడ్డకట్టకుండా కాపాడే వాల్వు ఉంటుంది. దాని చుట్టూ 3 డిగ్రీల దగ్గరికి చల్లబడితే అదే తెరుచుకుని నీళ్లు వదిలేస్తుంది. అది చేసింది మంచి పనే. లోపల కాస్త వెచ్చబడ్డాక వాల్వు మళ్లీ మూసి నీళ్లు నింపుకోండి. చల్లటి రాత్రి అనిపిస్తే ఆ వాల్వు ఉన్న అర వెచ్చగా ఉండేలా తలుపు కొద్దిగా తెరిచి పెట్టండి.

పంపు తిరుగుతూ నీళ్లు రాకపోతే ట్యాంకు నుంచి పంపుకి వచ్చే గొట్టం బిగింపులు, పంపు ముందుండే చిన్న ఫిల్టర్ చూడండి, గాలి పీలుస్తోందేమో. కుళాయి కట్టేసినా పంపు మధ్యమధ్యలో టక్కుమంటుంటే ఎక్కడో చుక్క కారుతోంది.

తడి గడ్డిలో చక్రం గిర్రున తిరుగుతోంది, బండి కదలడం లేదు

మొదట చేయాల్సింది యాక్సిలరేటర్ మీదనుంచి కాలు తీయడం. ఇంకో పది సెకన్లు తొక్కితే గడ్డి పోయి బురద వస్తుంది, ఆ తర్వాత ట్రాక్టరే దిక్కు. చాలా క్యాంపర్లు ముందు చక్రాలతో నడిచేవి, సామానంతా వెనక ఉండి ముందు తేలికైపోతుంది. అందుకే పట్టు ఉండదు. బరువైన సామాను ముందుకి మార్చండి. చక్రాలు సూటిగా పెట్టి, పట్టు కోసం వేసే మ్యాట్లని టైరు కిందికి నొక్కి దూర్చి, రెండో గేరులో మెల్లగా క్లచ్ వదలండి. చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ప్రతిసారీ ఇంజిన్ నొక్కేస్తుంటే కాసేపు ఆఫ్ చేయండి. మ్యాట్లు రాయిలా ఎగిరొస్తాయి, చక్రాల వరసలో మనుషులెవరూ నిలబడకూడదు. బయటికి దారి ఎగువకే ఉంటే ముందు చక్రాల బండిని రివర్స్‌లో ఎక్కించి చూడండి, బరువు ఇంజిన్ వైపుకి పడి పట్టు దొరుకుతుంది. ఇరుక్కున్నాక చేసే వీటన్నిటికన్నా వెలుతురుండగానే చేరుకుని, దిగి నాలుగడుగులు నడిచి చూడటం చవక. చెప్పు దిగబడే చోట టైరూ దిగబడుతుంది.

సముద్రం ఒడ్డున రెండు రోజులు ఆపాక హ్యాండ్‌బ్రేకు వదలడం లేదు

ఉప్పు తేమకి బ్రేకు డిస్కో డ్రమ్మో తుప్పు పట్టి ప్యాడ్‌ని పట్టేసుకుంది. హ్యాండ్‌బ్రేకు దించి, కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి మెల్లగా కదిలించండి, టక్కుమని వదులుతుంది. మొదటి కిలోమీటరు కీచుమంటే కంగారు పడకండి, ఆ పైపై తుప్పు అరిగిపోతుంది. ఆపేముందు రెండుసార్లు మెల్లగా బ్రేకు తొక్కి ఆరబెట్టండి. చదును నేల మీదైతే గేరులో పెట్టి చక్రాలకి అడ్డుచెక్కలు వేసి హ్యాండ్‌బ్రేకు లాగకుండా ఉంచొచ్చు. తిరిగొచ్చాక బండి అడుగున మంచినీళ్లతో బాగా కడగాలి, ఎర్త్ వైర్ల దగ్గర ఆకుపచ్చ పొడి కనిపిస్తే గీకి శుభ్రం చేయాలి.

నిన్న పొడిగా ఉన్న చోటికి ఇవాళ అలలు వస్తున్నాయి

పోటు రోజూ ఒకే గంటకి రాదు, ఒకే ఎత్తుకీ రాదు. చాలా తీరాల్లో ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే మర్నాడు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీరు ఎక్కువ ఎత్తు లేస్తుంది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20, సెప్టెంబర్ 22 చుట్టుపక్కల వచ్చే అమావాస్య, పౌర్ణమి పోట్లు ఏడాదిలోకెల్లా పెద్దవాటిలో ఉంటాయి. సముద్రం మీదినుంచి గాలి తోడైతే ఇంకా ముందుకొస్తుంది. ఆ చోటి పోటు పట్టిక చూసుకోండి. ఇసుక మీద ఎండిన నాచు వరస కనిపిస్తే దానికి బాగా ఎగువన ఆపండి. ఆ వరస నిన్నటిదే కావచ్చు, ఇవాళ దాన్ని దాటొచ్చు.

చిన్నవి మరికొన్ని

నడుస్తుండగా ముందు అద్దం లోపల మంచు పడితే గుడ్డతో తుడుస్తూ కూర్చోవద్దు. వేడితోపాటు ఏసీ కూడా వేయండి, ఏసీ గాలిలో తేమ లాగేస్తుంది. లోపలి గాలినే తిప్పే బటన్ ఆఫ్‌లో ఉండాలి.

చల్లటి పొద్దున్న టైరులో గాలి తగ్గిందని చెప్పే లైటు వెలిగితే అది పంక్చర్ కాకపోవచ్చు. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు తగ్గితే టైరులో గాలి సుమారు 1 పీఎస్‌ఐ పడిపోతుంది. బండి కదలకముందే కొలిచి నింపండి.

రాత్రి గాలికి బండి ఊగి నిద్ర పట్టకపోతే లేచి, బండి పక్కన విప్పిన గుడ్డ పందిరి చుట్టేసి, పైకి లేచే కప్పు దించి, బండి ముక్కు గాలికి ఎదురుగా తిప్పండి. అర్ధరాత్రి బద్ధకంగానే ఉంటుంది. నేను ఒకసారి పొద్దున్న చూద్దాంలే అనుకున్నాను. పొద్దున్న పందిరి ముళ్ల కంచె అవతల ఉంది.